పెండ్లి క్యాసెట్టుకు యాభై ఫ్రేములు అడగండి

మన ఇండ్లల్లో బీరువా మీద పాత పెండ్లి క్యాసెట్లు ఇంకా ఉండాయి. పెన్నాగరంలోనే చానామంది ఇప్పుడు వాటిని పెన్ డ్రైవ్‌కి ఎక్కించుకుంటా ఉన్నారు. తెచ్చి కొత్త టీవీలో పెడితే, నడిచే మనిషి అంచుల్లో దువ్వెన పండ్ల మాదిరి గీతలు. షాపులో అడిగితే "క్యాసెట్టు పాతదన్నా" అంటారు. చానాసార్లు క్యాసెట్టు తప్పేమీ ఉండదు.

లూమ్ మీద పనిచేసినోళ్లకు ఇది చెప్పడం సులువు. సాదా నేతలో ఒక హీల్డు ఫ్రేము బేసి పోగుల్ని లేపుతుంది, ఆ తర్వాత రెండోది సరి పోగుల్ని లేపుతుంది. పాత టీవీ బొమ్మ కూడా అట్లనే. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, కంటికి కనిపించేవి 576. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత. అంటే సెకనుకు 50 సగం బొమ్మలు. మన కరెంటు 50 సైకిళ్లు కదా, దానికి సరిపోయేట్టు పెట్టిన లెక్క. అమెరికాలో కరెంటు 60, అక్కడి టీవీకి సగాలూ సుమారు 60.

ఆ రెండు సగాలూ ఒకే క్షణానివి కావు. మధ్యలో పెండ్లికూతురి చెయ్యి కొంచెం జరిగుంటుంది. పాత గాజు టీవీ ఒక సగం తర్వాత ఇంకో సగం చూపించేది, మనకు తెలిసేది కాదు. ఫోనులో రెండూ ఒక్కసారిగా కలిసి కనిపిస్తే దువ్వెనే.

దీన్ని సరిచేయడానికి షాపులో సులువుదారి ఒకటుంది. ఒక సగం పారేసి, 25 ఫ్రేములు చేసి ఇస్తారు. బొమ్మ శుభ్రంగానే ఉంటుంది, కానీ కదలికలో సగం పోయింది. రెండో దారిలో ప్రతి సగానికీ లేని గీతలు పక్క గీతలను చూసి నింపి, నిండు బొమ్మ చేస్తారు. అప్పుడు 50 ఫ్రేములు వస్తాయి. ఫైలు పెద్దదవుతుంది, అయితే కానీండి. మా బంధువుల క్యాసెట్టులో వాళ్ల అవ్వ తాంబూలం తట్ట పట్టుకొని నాలుగు సెకన్లు నడుస్తుంది. అవ్వ ఫోటోలు ఉండాయి, ఆ నడక మాత్రం ఇంకెక్కడా లేదు. హొగేనకల్లో తీసిన నీళ్లు కూడా 50లో చూస్తేనే దూకినట్టుంటాయి.

కొందరు 30 పెడతారు. అది వద్దు. 25 ఉన్నదాన్ని 30 చేయాలంటే ప్రతి ఐదు బొమ్మల్లో ఒకటి రెండుసార్లు వేయాలి, నడక తడబడుతుంది. సినిమా క్యాసెట్టు వేరే సంగతి. సినిమా తీసేదే 24 ఫ్రేముల్లో, మన టీవీకి 25గా తిప్పుతారు (150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది). రెండు సగాలూ ఒకే బొమ్మవి కాబట్టి దానికి 25 చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, సగాలు విడదీయకముందే సైజు పెంచనీయకండి. గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, చిక్కుపడ్డ నూలు అయినా విప్పొచ్చు, అది విప్పలేం. ఇంకోటి, ఏ సగం ముందో తప్పుగా పెడితే మనిషి ముందుకీ వెనక్కీ ఊగుతాడు. చిన్న డీవీ క్యాసెట్టులో కింది సగం ముందొస్తుంది. ఇంట్లో పిల్లలకు కంప్యూటర్ వస్తే, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'యాడిఫ్' ఎంచుకొని, దాంట్లో 'బాబ్' పెట్టి, ఫ్రేము రేటు 50 చేయమనండి.

షాపుకే ఇస్తే, క్యాసెట్టు నుంచి మొదట దించిన ఫైలు కూడా అడిగి తీసుకోండి. డీవీ అయితే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది, హార్డ్ డిస్కు తీసుకొని పోండి.