కొట్టివేసిన కేసులను చదివేదెవరు?

సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో 2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగమవుతున్నదని నిర్ధారించింది. అందుకు జాతీయ నేర నమోదు సంస్థ గణాంకాలను కూడా ఆధారం చేసుకున్నది. న్యాయస్థానాల్లో తేలిన కేసుల్లో అధిక భాగం కొట్టివేతకు గురయ్యాయి కనుక ఫిర్యాదులే శంకించదగినవన్నది ఆ తర్కం. ఏప్రిల్ 2న దేశవ్యాప్తంగా బంద్ జరిగింది. పార్లమెంటు 18ఎ సెక్షన్‌ను చేర్చవలసివచ్చింది. 2019 అక్టోబర్ 1న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాలను ఉపసంహరించింది. ఇంత జరిగినా మూలప్రశ్న అలాగే మిగిలింది. కొట్టివేసిన కేసు అబద్ధపు కేసేనా, లేక చెడగొట్టిన కేసా? ఈ రెండింటికీ తేడా అంకెల పట్టికలో కనిపించదు. దానిని తేల్చవలసినది పరిశోధన.

ఈ కేసులు ఎలా వీగిపోతాయో కింది కోర్టులతో పరిచయమున్న ప్రతి న్యాయవాదికీ తెలుసు. 1995 నాటి నిబంధనల ప్రకారం దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఎస్‌ఐ చేసి పై అధికారి సంతకం మాత్రం పెడితే డిఫెన్స్‌కు అదే చాలు. బాధితుని కుల ధ్రువీకరణ పత్రం ఫైలులో చేర్చరు. నిందితుడి పొలంలోనే కూలికి పోవలసిన సాక్షి, విచారణ నాటికి ఏమీ చూడలేదంటాడు. ఊరి పెద్దలు రాజీ కుదురుస్తారు. ఇవన్నీ గణాంకాల్లో ఒకే గడిలో, ఒకే పేరుతో చేరుతాయి.

చుండూరునే చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. అదే సాక్ష్యం, రెండు పఠనాలు. మొదటి న్యాయస్థానం దేన్ని నమ్మింది, రెండవది దేన్ని నమ్మలేదు? అన్న ఒక్క ప్రశ్న మీద అయిదారు సిద్ధాంత గ్రంథాలు రావచ్చు. నేరన్యాయం, నేరశాస్త్రం బోధించే మన శాఖల్లో పీహెచ్‌డీ అంశాలను ఎంచేటప్పుడు ఇటువంటి రికార్డు ముందు వరుసలో ఉండాలి.

అధ్యాపకులు పూనుకుంటే ఏమవుతుందో ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో చూపింది. అనూప్ సురేంద్రనాథ్ నేతృత్వంలో అధ్యాపకులు, విద్యార్థులు జైళ్లకు వెళ్లి మరణశిక్ష పడిన ఖైదీలతో, వారి కుటుంబాలతో మాట్లాడారు. ఆ ఖైదీల్లో 76 శాతం మంది వెనుకబాటుకు గురైన కులాల, మతపరమైన మైనారిటీలవారేనని తేలింది. ఉరికొయ్యకు కులం లేదన్న మాటను ఆ తర్వాత ఎవరూ అంత ధీమాగా అనలేకపోతున్నారు.

పఠాన్ జమాల్ వలీ కేసు మరొక ఉదాహరణ. అత్యాచారానికి గురైన యువతి మన రాష్ట్రపు దళిత స్త్రీ, పైగా చూపు లేనిది. కులం, లింగం, వైకల్యం కలిసి చేసే హింసను 2021లో సుప్రీంకోర్టు అమెరికా పండితురాలు కింబర్లీ క్రెన్‌షా భావనతో వివరించింది. ఆమె రచనకు విలువ ఉన్నది, సందేహం లేదు. కానీ ఆ తీర్పులోనే అట్రాసిటీ చట్టం కింది శిక్ష ఆధారాలు చాలవంటూ రద్దయింది. సిద్ధాంతం దొరికింది, సాక్ష్యం దొరకలేదు.

ఈ పరిశోధన చేయవలసిన వారెవరు? యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి పర్యవేక్షకులుగా ఉండవచ్చు. కాబట్టి ‘తగిన అభ్యర్థి లేరు’ అని ఒక రిజర్వుడు ప్రొఫెసర్ పోస్టును ఖాళీగా ఉంచితే పోయేది ఒక్క ఉద్యోగం కాదు, ఎనిమిది మంది పరిశోధకుల చోటు కూడా.

తీర్పులు ఇప్పుడు ఈ-కోర్టుల ద్వారా దొరుకుతున్నాయి. కానీ వాంగ్మూలాలు, పంచనామాలు, అడ్డ విచారణల ప్రతులు జిల్లా కోర్టుల రికార్డు గదుల్లోనే ఉన్నాయి. వాటిని చూడటానికి పరిశోధక విద్యార్థులకు స్పష్టమైన అనుమతి విధానాన్ని రెండు హైకోర్టులూ రూపొందించాలి. బాధితుల, సాక్షుల పేర్లను మరుగుపరచే షరతు తప్పనిసరి. గడువు తీరిన ఫైళ్లను ధ్వంసం చేయడానికి నిబంధనలున్నాయి గనుక అది త్వరగా జరగాలి.