సొంత మూలకణాలు ఎంత శుభ్రం?

లింఫోమాకు మూలకణ మార్పిడి చేయాలని చెప్పగానే వార్డులో బంధువులు తరచూ అడిగే మాట ఒకటుంది. ‘ఆయన మూలుగే తీసి ఆయనకే ఎక్కిస్తారంటున్నారు కదండీ, జబ్బు అందులోనే ఉంటే?’ మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స చేయాల్సి వస్తే మీకూ ఇదే అనుమానం రావాలి. పెద్ద పెద్ద పరిశోధనశాలలు ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది దీని మీదే.

లింఫోమా తెల్లరక్త కణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్. ఇది తిరగబెట్టి, మందులకు ఇంకా లొంగుతుంటే చాలా ఎక్కువ మోతాదులో కీమోథెరపీ ఇస్తారు. ఆ దెబ్బకు మూలుగ కూడా ఎండిపోతుంది. అందుకే ముందుగానే మూలకణాలు తీసి, గడ్డకట్టించి దాచి, తర్వాత రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. ఒకప్పుడు తుంటి ఎముకలోంచి తీసేవారు, ఇప్పుడు ఎక్కువగా రక్తంలోంచే యంత్రంతో వేరు చేస్తున్నారు. దీంతో మేలు చిన్నదేం కాదు. 1995లో వెలువడిన పార్మా అధ్యయనంలో, తిరగబెట్టిన ఉద్ధృత లింఫోమా బాధితుల్లో ఐదేళ్లకు జబ్బు మళ్లీ రాకుండా ఉన్నవారు మార్పిడితో 46 శాతం, మామూలు కీమోతో 12 శాతం.

మరి తీసిన కణాల్లో జబ్బు దాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మైక్రోస్కోపు వందకు కొన్ని క్యాన్సర్ కణాలుంటే తప్ప పట్టుకోలేదు. ఫ్లో సైటోమెట్రీ పదివేలలో ఒకదాన్ని పడుతుంది. పీసీఆర్ లక్షలో ఒకదాన్నీ వదలదు. కరోనా రోజుల్లో మీ ముక్కులో పుల్ల పెట్టి చేసింది దీని తోబుట్టువే. ఫాలిక్యులర్ లింఫోమాలో సాధారణంగా 14వ, 18వ క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటులోకి మరొకటి చేరతాయి. ఆ అతుకు దగ్గరి డీఎన్ఏను పీసీఆర్ లక్షల ప్రతులుగా పెంచి చూపిస్తుంది.

బోస్టన్‌లోని డానా-ఫార్బర్ వైద్యులు 1991లో ఇదే చేశారు. 114 మంది మూలుగను యాంటీబాడీలతో శుద్ధి చేసి పీసీఆర్‌తో వెతికితే 57 మందిలో క్యాన్సర్ కణాలు కనబడలేదు. జబ్బు తిరగబెట్టడం వారిలో చాలా తక్కువ. రెండేళ్లకు మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రి వైద్యులు, లింఫోమా కాకుండా లుకేమియా ఉన్న పిల్లల మూలుగకు ఒక గుర్తు జన్యువును జోడించి ఎక్కించారు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ గుర్తు క్యాన్సర్ కణాల్లోనే కనిపించింది. అంటే బంధువుల అనుమానం నిజమే.

అయితే శుద్ధి చేస్తే చాలా? ఫాలిక్యులర్ లింఫోమా మీద ఐరోపాలో జరిగి 2003లో ప్రచురితమైన అధ్యయనంలో శుద్ధి చేసిన మూలుగకూ, చేయని దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సంచిని కడిగినా ఒంట్లో మిగిలినవి ఉంటాయి కదా! అందుకే నా ఉద్దేశంలో ఈ పరీక్ష సంచి గురించి చెప్పేదానికన్నా, ఒంట్లో జబ్బు ఎంత లొంగిందో చెప్పేదే ఎక్కువ. పాజిటివ్ వచ్చిందన్న ఒక్క కారణంతో మార్పిడి మానుకోవద్దు.

నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండటమూ కుదరదు. కిలో బరువుకు కనీసం 20 లక్షల మూలకణాలు ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి 12 కోట్లు. సంచిలో ఉండే మిగతా కణాలు దీనికి ఎన్నో రెట్లు. ఈ 12 కోట్లనే లెక్కలోకి తీసుకున్నా, లక్షలో ఒకటి చొప్పున 1,200 క్యాన్సర్ కణాలు పరీక్షకు అందకుండా ఉండొచ్చు. కాబట్టి రిపోర్టులో ‘నెగెటివ్’ అన్న మాట చూసి ఆగకండి, ఎన్ని కణాల్లో ఒకటి దొరికేలా వెతికారో అడగండి.

ఇప్పుడు ప్రశ్నే మారుతోంది. మాంటిల్ సెల్ లింఫోమాలో మొదటి చికిత్సతో జబ్బు తగ్గి, పది లక్షల్లో ఒక్క క్యాన్సర్ కణం కూడా కనిపించని వారికి మార్పిడి అవసరమేనా అని అమెరికాలో పరీక్షించారు. 2024 చివర్లో వెల్లడైన మధ్యంతర ఫలితాల ప్రకారం, మార్పిడితో పాటు రిటుక్సిమాబ్ ఇచ్చినవారూ, మార్పిడి లేకుండా రిటుక్సిమాబ్ మాత్రమే ఇచ్చినవారూ మూడేళ్లకు దాదాపు సమానంగానే బతికి ఉన్నారు. ఒకప్పుడు సంచి శుభ్రతను చూడటానికి పుట్టిన వెతుకులాట, కొందరికి అసలు ఆ సంచే అక్కర్లేదని చెప్పే దాకా వచ్చింది. వారాల తరబడి ఆసుపత్రి, అంత ఖర్చు, ఇన్ఫెక్షన్ల భయం తప్పడం అంటే మా దగ్గరికొచ్చే కుటుంబాలకు ఏమిటో వేరే చెప్పాలా?

కానీ ఇంత లోతుగా వెతకాలంటే ఆ రోగి క్యాన్సర్‌కే ప్రత్యేకమైన జన్యు వేలిముద్ర కావాలి. అది దొరికేది చికిత్సకు ముందు తీసిన మొదటి బయాప్సీ ముక్కలో. దాన్ని మైనంలో బిగించి బ్లాకుగా ల్యాబులో ఉంచుతారు. ఒక ఊళ్లో బయాప్సీ, మరో ఊళ్లో కీమో, ఇంకో ఊళ్లో మార్పిడి అయ్యేసరికి ఆ బ్లాకు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి బ్లాకుకూ రిజిస్టరు, రోగి ఊరు మారితే వెంట పంపే ఏర్పాటు ఉండాలి. దానికి కోట్ల రూపాయల యంత్రాలేమీ అక్కర్లేదు. అప్పటిదాకా మీరే రాసిచ్చి బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకోండి. కవరు మీద పేరు, బయాప్సీ నంబరు, తేదీ రాసి, ఎండ, వేడి తగలని చోట దాచండి. చికిత్స ఏ ఊరికి మారినా ఫైలుతో పాటే తీసుకెళ్లండి.