కాగితం లేని రైఫిల్ పంటకు కాపలా కాదు

ఈ వారం ఎరువు గురించి, విత్తనం గురించి కాదు, తుపాకి గురించి రాస్తున్నాను. కారణం ఉంది.

మొన్న పాల్మాకుల వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చాయ్ తాగుతూ మెల్లగా అడిగాడు: "అన్నా, మిలిటరీల తీసేసిన రైఫిల్ ఒకటి ఉందట. పైసలు కూడా తక్కువనే అంటున్నరు. గొట్టం మంచిగుందో లేదో ఎట్ల చూడాలె?" రెండెకరాల మక్క చేను. కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు ఒక్క రాత్రిలో సగం పడగొట్టాయి. ఉన్న పాడి బర్రెను అమ్మి తుపాకి కొంటానంటున్నాడు. ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు కాబట్టి జవాబు మీ అందరికీ రాస్తున్నాను.

ఆయన బాధ అబద్ధం కాదు. విమానాశ్రయం 2008లో మొదలైంది. దాని చుట్టూ భూములు వెంచర్లకు పోయాయి. హద్దు రాళ్ళు పాతి వదిలేసిన జాగాల్లో సర్కారు తుమ్మ మొలిచింది. పగలంతా పందులు ఆ తుమ్మల్లో పడుకుంటాయి, పొద్దుగూకితే మన చేనికి వస్తాయి. 2024 ఏప్రిల్ చివర్లో విమానాశ్రయం గోడ దగ్గర చిరుత కనిపించింది. కొన్ని రోజులకు అటవీశాఖ వారి బోనులో పడింది గానీ, అందాక చేనికి నీళ్ళు పెట్టడానికి రాత్రి పోవాలంటే అందరికీ గుండె దడే. అట్లాంటప్పుడు చేతిలో తుపాకి ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ ఆయన అడిగిన ప్రశ్నలోనే తప్పు ఉంది. గొట్టం తర్వాత చూద్దాం. ముందు చూడవలసింది కాగితం.

సైన్యం వాడి తీసేసిన జీపు, లారీ వేలంలో కొనుక్కోవచ్చు. రైఫిల్ అట్లా కాదు. మన దేశంలో సైన్యం, పోలీసులు వాడే బోరు తుపాకులు నిషేధ బోరు కింద ఉన్నాయి. పాత పోలీసు స్టేషన్లలో మనం చూసిన త్రీనాట్‌త్రీ కూడా అందులోదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో దానికి వీడ్కోలు చెప్పారు. వీడ్కోలు చెప్పారంటే జనానికి అమ్మారని కాదు. నిషేధ బోరుకు అనుమతి ఇవ్వాలంటే కేంద్ర ప్రభుత్వమే ఇవ్వాలి, మన బోటి రైతుకు అది అందేది కాదు. ఎవరైనా "మిలిటరీ సరుకు, చవక" అంటూ వస్తే, అది దొంగిలించిన తుపాకి అయినా కావాలి, నాటు పనివాడు చేసి ముద్ర కొట్టింది అయినా కావాలి. మూడో దారి లేదు.

పట్టుబడితే ఏమవుతుంది? 1959 ఆయుధాల చట్టాన్ని 2019లో సవరించారు. లైసెన్సు లేని మామూలు తుపాకి దగ్గర పెట్టుకుంటే రెండేళ్ళకు తక్కువ కాకుండా ఐదేళ్ళ వరకు జైలు. నిషేధ బోరు అయితే ఏడేళ్ళకు తక్కువ కాకుండా పద్నాలుగేళ్ళ వరకు. అమ్మినవాడు ఊరు దాటిపోతాడు, తుపాకి మీ ఇంట్లో దొరుకుతుంది. పంది తిన్నది ఒక పంటనే. ఆ రైఫిల్ ఏడు పంటలు తింటుంది.

అమెరికాలో సంగతి వేరే. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎం1 గరాండ్ రైఫిళ్ళను ప్రభుత్వ చట్టం కింద ఏర్పడిన సంస్థే పౌరులకు అమ్ముతుంది. గొట్టం లోపల ఎంత అరిగిందో గేజి పెట్టి కొలిచి, రకాలుగా విడదీసి ధర కడుతుంది. ఆ దేశపు ముచ్చట విని ఇక్కడ కొనబోతే మునుగుతాం.

ఇంకొక మాట. రైఫిల్ గుండు రెండు కిలోమీటర్లు దాటి కూడా ప్రాణం తీస్తుంది. మన చేనికి అవతల ఏముంది? రోడ్డు, కూలీల గుడిసెలు, కొత్త కాలనీలు, నేలకు దగ్గరగా దిగే విమానాలు. చీకట్లో పందికి తగలని గుండు ఎక్కడ ఆగుతుందో మీరు చెప్పగలరా? పన్నెండు బోరు తుపాకిలో వాడే చిన్న రవ్వలయితే కొన్ని వందల మీటర్లలో పడిపోతాయి. పంట కాపలాకు చట్టం రైఫిల్ మాట ఎత్తకపోవడంలో అర్థం ఉంది.

చట్టం ఇచ్చే దారి ఇది. నిజంగా పంట కాపలాకే అయితే, మందు కూరి పేల్చే నాటు రకం తుపాకికి లైసెన్సు అడగవచ్చు. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, లోపల నున్నగా ఉండే గొట్టం తుపాకికి ఇవ్వవచ్చు. కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనర్‌కు, మిగతా చోట్ల కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. తుపాకి వాడకంలో శిక్షణ కూడా ఉంటుంది. లైసెన్సు ఐదేళ్ళది. ఎన్నికలు వస్తే తుపాకి స్టేషన్లో అప్పగించమంటారు, ఆ ఎన్నికలు పంట చేతికొచ్చే రోజుల్లోనే పడవచ్చు. ఈ లెక్క ముందే వేసుకోండి.

అన్నీ ఆలోచించి, లైసెన్సు చేతికి వచ్చాక పాత పన్నెండు బోరు కొనాలనుకుంటే, అప్పుడు గొట్టం చూద్దాం. లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనండి. లైసెన్సుదారు దగ్గర నేరుగా కొంటే, అమ్మేవారు అధికారికి రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. తుపాకి మీది నంబరు, కాగితం మీది నంబరు ఒకటేనా చూడండి. నంబరు గీకినట్టు, మళ్ళీ కొట్టినట్టు కనిపిస్తే అక్కడే వదిలేసి రండి.

తర్వాత తుపాకి తెరిచి ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూసుకోండి. అమ్మేవాడి మాట మీద నమ్మవద్దు. గొట్టాన్ని వెలుతురు వైపు పట్టి లోపలికి చూడండి. అద్దంలాగా మెరవాలి. తుప్పు తిన్న గుంతలు, ముఖ్యంగా తూటా కూర్చునే చోట ఉంటే వద్దు. లోపల నీడలాగా ఒక వలయం కనిపిస్తే గొట్టం అక్కడ ఉబ్బిందన్నమాట. దాన్ని ముట్టవద్దు. గొట్టం మీద పాము చర్మం లాంటి మెలికల గీతలుంటే అది పాతకాలపు దమస్కస్ రకం. నల్లమందు కాలం నాటిది, ఇప్పటి తూటాకు పగలవచ్చు.

జోడు గొట్టాల తుపాకి అయితే గొట్టాలు విడదీసి, వేలాడదీసి, వేలి గోటితో కొట్టండి. గంటలాగా మోగితే అతుకు గట్టిది. పగిలిన కుండలాగా పలికితే అతుకు ఊడింది. మళ్ళీ బిగించి, మూసి, ఊపి చూడండి. గొట్టం కదలకూడదు, మూసిన చోట సందు కనిపించకూడదు. కట్టె పిడి సన్నబడే చోట పగుళ్ళు చూడండి. సేఫ్టీ వేస్తే ట్రిగ్గర్ కదలకూడదు. పాత తుపాకులు కొన్నిటికి రెండున్నర అంగుళాల తూటాయే పడుతుంది. రెండుముప్పావు కాదు, మూడు కాదు, ఏది పడుతుందో గొట్టం మీద ముద్ర చూసి, దుకాణం వాణ్ణి అడిగి కొనండి. పొడవు తూటా పెడితే ప్రమాదం. తాత తుపాకి ఇంట్లో మిగిలి ఉంటే దాచుకోవద్దు, స్టేషన్లోనో డీలరు దగ్గరో అప్పగించి మీ పేరు మీదికి మార్చమని అడగండి.

గల్ఫు పోయే పిల్లలున్న ఇళ్ళకు ఒక జాగ్రత్త. తూటా ఒక్కటి కూడా ప్రయాణపు సంచిలో మిగలకూడదు. విమానాశ్రయం తనిఖీలో అది దొరికితే ప్రయాణం ఆగుతుంది, కేసవుతుంది.

తుపాకి లైసెన్సు ఉన్నా పందిని కాల్చే హక్కు దానితో రాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అధికారమున్నవారు రాసి ఇచ్చిన అనుమతి వేరే కావాలి. అది లేకుండా కాలిస్తే పంట పోయిన రైతే ముద్దాయి అవుతాడు.

మరి ఏం చేయాలి? రెండెకరాల రైతుకు తుపాకి కన్నా కంచె మేలన్నది నా అభిప్రాయం. మన పక్కనే రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మక్క చేను చుట్టూ ఆముదం, పల్లి చేను చుట్టూ కుసుమ వరుసలు వేయమని చెప్పారు. నలుగురైదుగురు కలిసి సోలార్ కంచె వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. అది ఝల్లుమనిపించి జంతువును తోలుతుంది. కరెంటు స్తంభం నుంచి నేరుగా తీగకు కరెంటు పెట్టడం మాత్రం ఎవరూ చేయవద్దు, అది మనిషిని చంపుతుంది. నష్టం జరిగిన మర్నాడే ఫొటోలు తీసి అటవీ, వ్యవసాయ అధికారులకు దరఖాస్తు ఇవ్వండి. వెంచర్లలో పెరిగిన తుమ్మను కొట్టించమని గ్రామసభలో అందరూ కలిసి అడగండి. పందికి పడుకునే చోటు లేకుండా చేయడమే అసలు కాపలా.

పాల్మాకుల రైతుకు నేను ఇదే చెప్పాను. "బర్రెను అమ్మకు. అది రోజూ పాలిస్తుంది. ఆ రైఫిల్ రోజూ భయమే ఇస్తుంది" అన్నాను. సరేనని తలూపి పోయాడు. మీ ఊర్లో కూడా ఎవరైనా చవక రైఫిల్ మాట ఎత్తితే, ముందు కాగితం చూపమనండి. మాట అక్కడితోనే తెగిపోతుంది.