లాబాను ఇంట కూలి

చేతికర్రతో మాత్రమే యొర్దాను దాటిన యాకోబు, మేనమామ లాబాను ఇంట ఇరవై ఏళ్లు కూలి చేశాడు. రాహేలు కోసం ఏడేళ్లన్నది మాట. మాట మారి పద్నాలుగేళ్లయింది. జీతం పదిసార్లు మారింది (ఆదికాండము 31:41). చివరికి ఆయన చెప్పకుండా పారిపోవలసి వచ్చింది. గిలాదులో రాళ్లకుప్ప సాక్షిగా నిబంధన జరిగింది ఆ తర్వాతే!

గల్ఫ్‌కు వెళ్లిన మన సంఘాల బిడ్డలెందరిదో ఇదే కథ. ఇంటిపనికి కోనసీమ, కడప అక్కచెల్లెళ్లు, కట్టడం పనికి కరీంనగర్, నిజామాబాద్ తమ్ముళ్లు ఏజెంటు నోటిమాట నమ్మి విజిట్ వీసాపైనో, ఆజాద్ వీసాపైనో విమానమెక్కుతారు. గడువు దాటితే 'కల్లివెల్లి'. జబ్బు చేస్తే ఆస్పత్రికి పోవాలన్నా భయం. కన్నతల్లి చనిపోయినా రాలేరు. క్షమాభిక్ష కోసం ఎదురుచూడాలి. కువైట్, యూఏఈ 2018లోను, 2024లోను అలాంటి అవకాశమిచ్చాయి. మధ్యలో గడచిన ఏళ్లు ఎవరిస్తారు?

వేరే దారి ఉంది. నిర్ణీత కాలానికి, రాతపూర్వక ఒప్పందంతో వెళ్లే ఉద్యోగం. పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఒప్పందం ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలి. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల బీమా ఉంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే.

ఈ దారి నెమ్మది. అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే ఆగడం కష్టమే. పైగా కాగితం ఉన్నంతమాత్రాన లాబాను మారడు. అక్కడ దిగాక తక్కువ జీతానికి మరో కాగితంపై సంతకం పెట్టించేవారున్నారు. కూలివాడు పరదేశియైనా పొద్దు గుంకకముందే జీతమివ్వాలని ధర్మశాస్త్రం ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 24:14-15). దీన్ని అమలు చేయించే బాధ్యత రెండు దేశాల ప్రభుత్వాలది.

ప్రియులారా, ప్రయాణ ప్రార్థనకు ముందు మనం వీసా ఏ రకమో అడుగుదాం. చదువుకున్న యవనస్థులు ఏజెంటు రిజిస్ట్రేషన్ సరిచూడాలి. ఒప్పందాన్ని తెలుగులో చదివి వినిపించి, నకలు ఇంట్లో ఒకటి, సంఘంలో ఒకటి ఉంచాలి. విజిట్ వీసాకు అప్పు ఇప్పించకూడదు.

బేతేలులో దేవుడు యాకోబుకు తోడుంటానని మాత్రమే కాదు, ఈ దేశానికి తిరిగి రప్పిస్తానని కూడా మాట ఇచ్చాడు. వెళ్లిన ప్రతి బిడ్డా దొంగలా కాక, తలెత్తుకొని తిరిగి రావాలి. ప్రభువు అట్టి కృప అనుగ్రహించునుగాక. ఆమెన్.