ఉపకారం కాదు, వేతనం! అమెరికా కళాశాల క్రీడాకారుల సమస్యపై మా వైఖరి

అమెరికా విశ్వవిద్యాలయాల తరఫున ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడే యువకులకు ఎంత చెల్లించాలి, ఒక కళాశాలనుండి మరొక కళాశాలకు వారు ఎన్నిసార్లు మారవచ్చు అనే ప్రశ్నలు ఆ దేశపు న్యాయస్థానాలను, శాసనసభలను కొన్ని సంవత్సరాలుగా కుదిపివేస్తున్నవి. ఆటల పుటలో రావలసిన విషయానికి కార్మికోద్యమ పత్రికలో చోటెందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. మా సమాధానం సూటిగానే చెబుతాము. ఇది ఆటను గూర్చిన తగాదా కాదు. పని చేయించుకొని, పనివాడిని పనివాడని పిలవకుండా తప్పించుకొనే యాజమాన్యపు ఎత్తుగడను గూర్చిన తగాదా. ఆ ఎత్తుగడ భారత కార్మికవర్గానికి క్రొత్తది కాదు.

ముందుగా ఆ వ్యాపారం ఎంతటిదో చూద్దాము. 1906లో పుట్టిన జాతీయ కళాశాల క్రీడాసంఘం, అనగా ఎన్.సి.ఎ.ఎ., తన వార్షిక బాస్కెట్‌బాల్ పోటీల ప్రసార ఒప్పందాన్ని 2016లో మరి ఎనిమిది సంవత్సరాలకు పొడిగించినప్పుడు దాని విలువ 880 కోట్ల డాలర్లు. ఫుట్‌బాల్ తుదిపోటీల ప్రసార హక్కులకు 2024లో కుదిరిన ఒప్పందం ఆరు సంవత్సరాలకు 780 కోట్ల డాలర్లు. 2023లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ కోచ్‌ను తొలగించి, మిగిలిన ఒప్పంద కాలానికిగాను ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. పని చేయించినందుకు కాదు, పని మానిపించినందుకు! అనేక రాష్ట్రాలలో ప్రభుత్వ ఖజానానుండి అత్యధిక జీతం పొందే ఉద్యోగి గవర్నరు కాడు, ప్రధాన న్యాయమూర్తి కాడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయపు కోచ్. ఇంత సంపదకు మూలమైన క్రీడాకారులకు మాత్రం దశాబ్దాలపాటు దక్కినది చదువు ఫీజు, బస, భోజనం, పుస్తకాలు. అంతకుమించి ఒక్క డాలరు పుచ్చుకున్నా నేరమే.

ఈ వ్యవస్థకు పునాదిరాయి ఒక మాట: “విద్యార్థి-క్రీడాకారుడు”. ఆ మాట ఎందుకు పుట్టిందో తెలిసికోవడం అవసరం. 1955లో కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కళాశాల తరఫున ఫుట్‌బాల్ ఆడుతూ రే డెన్నిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. అతని భార్య కార్మిక నష్టపరిహారం కోరింది. ఫుట్‌బాల్ ఆ కళాశాల వ్యాపారం కాదు గనుక పరిహారం రాదని 1957లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇటువంటి దావాలు మరిన్ని రాకుండా కట్టిన గోడయే ఆ మాట. మేము ఊహించి చెబుతున్నది కాదు. 1951నుండి 1987 వరకు ఎన్.సి.ఎ.ఎ. కార్యనిర్వాహక డైరెక్టరుగా పనిచేసిన వాల్టర్ బయర్స్ 1995లో ప్రకటించిన తన గ్రంథంలో, ఆ మాటను తామే తయారుచేశామని ఒప్పుకొని, తాను నడిపిన వ్యవస్థను బానిసల తోటల వ్యవస్థతో పోల్చాడు. ఆ గోడ ఎంత గట్టిదంటే, 1974లో మైదానంలో గాయపడి పక్షవాతానికి గురియైన కెంట్ వాల్‌డ్రెప్ అనే టెక్సాస్ ఆటగాడు ఉద్యోగి కాడని అక్కడి న్యాయస్థానం 2000వ సంవత్సరంలో తేల్చింది.

మన తెలుగులో విద్యార్థికిచ్చే స్కాలర్‌షిప్పును ఉపకార వేతనమంటాము. రెండు మాటలలో ఒకటి ఉపకారం, రెండవది వేతనం. కళాశాల యాజమాన్యాలు మొదటి మాటను ముందుకు త్రోసి రెండవ దానిని మరుగుపరచినవి. కాని ఉపకారమైతే దానికి షరతు ఉండరాదు. తెల్లవారుజామున వ్యాయామానికి రాకుంటే, కోచ్ చెప్పిన వేళకు ప్రయాణం కాకుంటే, జట్టును విడిచివెళ్ళితే ఆగిపోయేదానిని ఉపకారమనరు. పని ఆగితే ఆగిపోయేది కూలి. దానిని ధాన్యంలో కొలిచినా, ఫీజు రూపంలో ఇచ్చినా కూలి కూలియే.

ఈ కోట ఇటీవల బీటలు వారింది. ఆటగాడు తన పేరును, రూపాన్ని ప్రకటనలకిచ్చి సంపాదించుకోవచ్చునని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్.సి.ఎ.ఎ. పెట్టిన పరిమితులు పోటీ చట్టానికి విరుద్ధమని 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ జూలై 1నుండి ప్రకటనల రాబడిపై నిషేధం దేశమంతటా తొలగింది. 2025 జూన్ 6న ఆమోదం పొందిన హౌస్ దావా పరిష్కారం ప్రకారం గత కాలపు ఆటగాళ్ళకు పది సంవత్సరాలలో దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. విశ్వవిద్యాలయాలు ఇకమీదట ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చును. కాని మొత్తానికి గరిష్ఠ పరిమితి ఉన్నది. మొదటి సంవత్సరానికి ఒక్కొక్క విశ్వవిద్యాలయం అన్ని క్రీడల ఆటగాళ్ళకు కలిపి రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లకు మించి ఇవ్వరాదు. ఆటగాళ్ళు బయటి సంస్థలతో చేసుకొనే 600 డాలర్లకు మించిన ఒప్పందాలను కూడ పరిశీలకుల ముందు పెట్టి అనుమతి పొందాలి.

ఇక్కడనే మా ప్రధాన అభ్యంతరం. పరిమితులు ఉండరాదని మేము అనడంలేదు. ఆ పరిమితిని ఎవరు నిర్ణయించారని అడుగుతున్నాము. పెద్ద కూటముల విశ్వవిద్యాలయాల ప్రధాన క్రీడా రాబళ్ళ సగటులో 22 శాతమని లెక్కకట్టి ఈ మొత్తాన్ని తేల్చారు. వృత్తి ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ళ వాటా కనీసం 48 శాతం. వృత్తి బాస్కెట్‌బాల్‌లో దాదాపు సగం. అక్కడ సగం, ఇక్కడ సగములో సగమైనా లేకపోవడానికి కారణం ఆటలోని తేడా కాదు. అక్కడ యూనియన్ ఉన్నది, ఇక్కడ లేదు. అమెరికా చట్టం ప్రకారం యజమానులు తమలో తాము కూడబలుక్కొని వేతనాలకు హద్దు గీస్తే అది పోటీ చట్టానికి విరుద్ధం. అదే హద్దు గుర్తింపు పొందిన యూనియన్‌తో సమష్టి బేరసారాల ద్వారా కుదిరితే చట్టసమ్మతం. వృత్తి క్రీడలలోని వేతన పరిమితులు నిలబడినది ఈ న్యాయం మీదనే. కళాశాల యాజమాన్యాలకు యూనియన్ ఇచ్చే రక్షణ కావాలి, యూనియన్ మాత్రం వద్దు. చెట్టు నాటకుండా నీడను కోరడం ఇదే.

బదిలీల సంగతి కూడ ఇంతే. 2021 వరకు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాడు కళాశాల మారితే ఒక సంవత్సరం పోటీలకు దూరంగా కూర్చోవాలి. అతనిని జట్టులోకి తెచ్చిన కోచ్ మాత్రం ఎక్కువ జీతానికి మరునాడే వెళ్ళిపోవచ్చు. కోచ్‌కు అది వృత్తిలో పురోగతి. ఆటగాడికి అది విశ్వాసఘాతుకం! 2021లో ఒక్కసారి మారడానికి అనుమతించారు. కొన్ని రాష్ట్రాల ప్రభుత్వాలు దావా వేయగా, 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ న్యాయస్థానం మిగిలిన ఆంక్షను కూడ నిలిపివేసింది. చదువులో అర్హత నిలుపుకొన్నవారు ఎన్నిసార్లు మారినా పోటీలకు అనర్హులు కారాదని 2024లో నియమం మారింది.

ఇప్పుడు అరాచకం ప్రబలిందని యాజమాన్యాలు గగ్గోలు పెడుతున్నవి. ఇబ్బందులు లేవని మేము అనము. ప్రతి సంవత్సరం కళాశాల మారే యువకుని చదువు ముక్కలవుతున్నది. నోటిమాటగా ఇచ్చిన హామీలు గాలికి పోతున్నవి. వృత్తి ఫుట్‌బాల్‌లో ఏజెంటు కమిషన్ మూడు శాతానికి మించరాదని ఆటగాళ్ళ యూనియన్ కట్టడి చేసింది. కళాశాల ఆటగాడికి అటువంటి రక్షణ ఇచ్చే యూనియనే లేదు. అయితే ఈ అరాచకానికి కర్తలెవరు? కుర్చీలో కూర్చోవలసినవారిని గదిలోకి రానివ్వకుండా, గదిలో క్రమశిక్షణ లేదని ఫిర్యాదు చేసినట్లున్నది వీరి వాదం.

ఆటగాళ్ళు సంఘటితం కావడానికి ప్రయత్నించకపోలేదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాళ్ళు 2014లో ఉక్కు కార్మికుల సంఘం అండతో యూనియన్‌కు దరఖాస్తు చేశారు. వారు ఉద్యోగులేనని జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ డైరెక్టరు తీర్పు ఇచ్చాడు. ఆ ఏప్రిల్‌లో వోటింగు జరిగింది. 2015 ఆగస్టులో బోర్డు, వారు ఉద్యోగులా కాదా అన్నది తేల్చకుండానే తన అధికారాన్ని వినియోగించడానికి నిరాకరించింది. ఆ వోట్లు నేటికీ లెక్కించబడలేదు. డార్ట్‌మత్ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు 2024 మార్చిలో 13-2 వోట్లతో యూనియన్‌ను ఎన్నుకొన్నారు. కళాశాల బేరసారాలకు నిరాకరించింది. బోర్డు కూర్పు మారనున్న దశలో, ఆ డిసెంబరు 31న దరఖాస్తును ఉపసంహరించుకోవలసి వచ్చింది. పెద్ద జట్లలో అత్యధికం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలవి. అవి ఈ బోర్డు పరిధిలోకే రావు. వాటికి రాష్ట్ర చట్టాలు వర్తిస్తాయి. ఉత్తర కరొలైనాలో 1959నాటి చట్టం ప్రభుత్వోద్యోగులతో సమష్టి ఒప్పందాలను నిషేధిస్తున్నది.

ఈ దారులు చాలక, శాశ్వతంగా తలుపు మూయడానికి 2025 జూలైలో ప్రతినిధుల సభలో స్కోర్ బిల్లును ప్రవేశపెట్టారు. పోటీ చట్టంనుండి యాజమాన్యాలకు రక్షణ, రాష్ట్రాల చట్టాలపై ఆధిక్యం, అన్నిటికి మించి క్రీడాకారులు ఉద్యోగులు కారన్న ప్రకటన అందులో ఉన్నవి. ఆ బిల్లు గతి ఏమైనా, దానిలోని ఆలోచనను గుర్తించాలి. వాస్తవంలో ఉన్న యజమాని-ఉద్యోగి సంబంధాన్ని శాసనంలో ఒక్క వాక్యంతో రద్దుచేయవచ్చునన్నదే ఆ ఆలోచన. నేడు ఆటగాడి విషయంలో చెల్లినది రేపు ఎవరి విషయంలోనైనా చెల్లుతుంది.

జీతాలిస్తే చిన్న క్రీడలు, మహిళల క్రీడలు నశిస్తాయని మరొక వాదం. ఈ ఆందోళన నిజమైనదే గనుక దీనికి గౌరవంగా సమాధానం చెప్పాలి. హౌస్ పరిష్కారపు బకాయిలలో దాదాపు 90 శాతం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళకే పోతున్నదని మహిళా క్రీడాకారులు అభ్యంతరం చెప్పారు. 1972నాటి సమానత్వ చట్టం ఉన్న దేశంలో అది న్యాయమైన ప్రశ్న. కాని ఈతకొలను మూయించేది పరుగెత్తేవాడి జీతమా, తొలగించిన కోచ్‌కిచ్చే కోట్లా? అనేక విశ్వవిద్యాలయాలలో క్రీడాశాఖ లోటును విద్యార్థుల ఫీజులతో పూడుస్తున్నారు. ఇక్కడ పొలం తాకట్టు పెట్టి పిల్లలను అమెరికాకు పంపిన తెలుగు కుటుంబాలు కట్టే ఫీజులలో కూడ ఆ భాగం ఉండవచ్చును. పంపకం న్యాయంగా జరగాలంటే లెక్కల పుస్తకం తెరవాలి. యజమాని చేత లెక్కల పుస్తకం తెరిపించే సాధనం యూనియన్ తప్ప మరొకటి మేము ఇంతవరకు చూడలేదు.

చరిత్ర కూడ ఇదే చెబుతున్నది. తనను సరుకులా మరొక జట్టుకు మార్చడాన్ని ధిక్కరించిన బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్ 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. కాని ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసి 1966లో బేస్‌బాల్ ఆటగాళ్ళ సంఘ నాయకత్వం వహించిన మార్విన్ మిల్లర్, యజమానులతో ఒప్పందంలో స్వతంత్ర మధ్యవర్తిత్వాన్ని సాధించాడు. 1975లో ఆ మధ్యవర్తి తీర్పుతోనే పాత బంధనం తెగింది. మరుసటి సంవత్సరం ఆరు సంవత్సరాల సర్వీసు తరువాత స్వేచ్ఛ అన్న హద్దుకు యూనియన్ సమ్మతించింది. ఆట నాశనం కాలేదు. బదిలీలకు హద్దు పెట్టడం యూనియన్లకు చేతకాదనేవారికి ఇదే సమాధానం.

ఇక మన ఇంటి సంగతి. ఆశా కార్యకర్త స్వచ్ఛంద సేవకురాలట, ఆమెకిచ్చేది ప్రోత్సాహకమట. అంగన్‌వాడీ కార్యకర్తకిచ్చేది గౌరవ వేతనమట. ఇంటింటికి భోజనం చేరవేసే యువకుడు కంపెనీకి భాగస్వామియట! అక్కడ ఉపకారం, ఇక్కడ గౌరవం. రెండుచోట్లా వెనుకబడినది వేతనమే. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ సోదరీమణులు ప్రారంభించిన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం వారిపై అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. జీతం అడిగితే గౌరవ సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ! వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు తీర్పు కావలసివచ్చింది. క్రీడారంగంలోను మనము గొప్పలు చెప్పుకోలేము. 2025 ఐ.పి.ఎల్. వేలానికి ఒక్కొక్క జట్టుకు 120 కోట్ల రూపాయల హద్దు పెట్టినప్పుడు, ఆటగాళ్ళ తరఫున బల్లకు అవతల కూర్చున్న యూనియన్ ఏదీ లేదు. 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం విశ్రాంత క్రీడాకారులది.

కనుక మేము కోరుతున్నది స్పష్టం. కళాశాల క్రీడాకారులను ఉద్యోగులుగా గుర్తించాలి. ప్రైవేటు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు రెండింటా వారికి సంఘ స్వాతంత్ర్యం, సమష్టి బేరసారాల హక్కు ఉండాలి. గాయపడినవారికి, చదువు ముగిసిన తరువాత కూడ, వైద్యం, పరిహారం చెల్లించాలి. జీతాల హద్దులు, బదిలీల గడువులు, ఏజెంట్ల కమిషన్లు అన్నీ సమష్టి ఒప్పందం ద్వారానే నిర్ణయం కావాలి. వీసా నిబంధనల మూలంగా రాబడికి దూరమవుతున్న విదేశీ ఆటగాళ్ళను ఆ ఒప్పందం మరువరాదు.

నార్త్‌వెస్టర్న్‌లో లెక్కించని ఆ వోట్లు అమెరికా ఆటగాళ్ళవి మాత్రమే కావు. పనివాడినని చెప్పుకొనే హక్కు కోసం ప్రపంచంలో ఎక్కడ ఎవరు వోటు వేసినా అది మన వోటు. ఆ పెట్టె తెరిపించే బాధ్యత అక్కడివారిది. మన ఊళ్ళలో మూసివున్న పెట్టెలు తెరిపించే బాధ్యత మనది.