తెర చాటున మల్లరంగము



మల్లయుద్ధమన్నంతనే మట్టిగోదాయు, తొడచఱచు వస్తాదులును మన కన్నులకు గట్టుదురు. మగవారి ముచ్చట మనకేల యని మీరనుకొనవచ్చును. కాని యీ మాసమున మేము చెప్పబోవు కుస్తీ వేఱు తీరుది. అందు వీధిభాగవతపు పాలు మెండు. దాని కీర్తికి స్త్రీలు చేసిన సాయమును గొప్పదే. వారికి దక్కిన ప్రతిఫలము మాత్రము వేఱు.

1985వ సంవత్సరము మార్చి 31వ తేదీ ఆదివారమునాడు, న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను మహాశాలలో ‘రెసిల్‌మేనియా’ యను ప్రదర్శనము మొదటిసారి జరిగెను. దానిని నడపినవాడు విన్సెంటు మెక్‌మాన్. తండ్రి సంస్థను 1982లో కొని, దానిని దేశమంతట వ్యాపింపజేయ నెంచి, యీ యొక్క దినముపై విశేషధనమును పణముగా నొడ్డెను. ప్రదర్శనమునకా పేరు సూచించినవాడు, గోదాలో జెట్ల పేరులు చదువు హోవర్డు ఫింకెల్ అను నుద్యోగి యని ప్రసిద్ధి. శాలలో 19,121 మంది కూడిరని ప్రకటించిరి. ఇతర నగరములందలి నాటకశాలలకు తంతిమూలముగా బొమ్మను పంపి, అచ్చటను టిక్కెట్లమ్మిరి. అట్లు చూచినవారు పదిలక్షలకు మించిరని ఆ సంస్థ చెప్పుకొన్నది.

ఆనాటి యాడంబరము వినదగినది. గంట మ్రోగించు పనికి లిబరాచి యను పియానో విద్వాంసుడు వచ్చి, రాకెట్స్ అను నర్తకీబృందముతో గలిసి కాళ్లెత్తి యాడెను. ముష్టియుద్ధవీరుడు మహమ్మదాలీ గోదా వెలుపల తీర్పరిగా నిలిచెను. లోపలి తీర్పరి మాత్రము పాట్ ప్యాటర్సన్ అను ననుభవశాలియైన జెట్టి. ఇందొక కీలకమున్నది. ఇట్టి కుస్తీలో తీర్పరి గెలుపోటములు తేల్చువాడు మాత్రమేగాక, కాలమెంత మిగిలినదో, ముగింపు ఎప్పుడో జెట్ల చెవిలో మెల్లగా నందించువాడు. మన భాగవతములలో తాళము పట్టినవాడు వేషగానికి సంజ్ఞ చేయునట్లే!

ఫలితము ముందే నిర్ణయమగునన్న మాట నిజము. దాని నా వృత్తివారు చిరకాలము గుట్టుగా నుంచిరి. ఆ గుట్టునకు వారి పరిభాషలో ‘కేఫేబ్’ అని పేరు. మంచివేషము వాడును, దుష్టవేషము వాడును బజారులో గలిసి తిరుగరాదని కట్టుబాటు. తుదకు 1989లో న్యూజెర్సీ రాష్ట్రమున, పన్నులును ప్రభుత్వపు తనిఖీయు దప్పించుకొనుటకై, తమది వినోదమేగాని పోటీ కాదని ఆ సంస్థవారే యొప్పుకొనిరి.

అట్లని దెబ్బలన్నియు బూటకమనుకొనరాదు. గోదా యనగా ఇనుపచట్రముపై చెక్కపలకలు పఱచి, పలుచని మెత్తపై గుడ్డ బిగించినది. పడునప్పుడు గడ్డమును ఱొమ్ముకు జేర్చి, వీపు నంతటిని ఒక్కసారిగా నానించి, చేతులతో నేలను చఱచవలెను. అప్పుడు దెబ్బ యొకచోట జేరక దేహమంతట బంచుకొనును, తల తప్పును. ఈ పాటు నేర్చుటకే నెలలు పట్టును. కీచకుడు చచ్చునని అందఱెఱిగినను, వేషగాని నడుము నొప్పి వానికి నిజమే కదా!

ఇక స్త్రీల కథ. న్యూయార్కు రాష్ట్రమున 1972 వఱకును స్త్రీలు గోదా కెక్కరాదని నిషేధముండెను. ఆ నిషేధమును దాటి వచ్చినవారిలో ముఖ్యురాలు ‘ఫాబ్యులస్ మూలా’ యని పేరొందిన లిలియన్ ఎల్లిసన్. 1956 మొదలు 28 ఏండ్లు ఎడతెగక జగజ్జెట్టి బిరుదు వహించెనని చాటిరి గాని, నడుమ నామె యోడిన సందర్భములు కలవు. వానిని లెక్కలో జేర్చలేదు. దక్షిణ కరొలైనాలో పాఠశాల పెట్టి పెక్కండ్ర యువతులకు విద్య గఱపి, పనులు కుదిర్చి, వారి సంపాదనలో భాగము పుచ్చుకొనెడిది. అది మితిమీరినదని పిదప పలువురు శిష్యురాండ్రు వాపోయిరి.

అట్టి శిష్యురాండ్రలో నొకతె వెండీ రిక్టరు. 1984 జులై 23న ఆమె గురువును ఓడించి బిరుదు గొనెను. ఆమె పక్షమున నిలిచినది సిండీ లాపర్ అను గాయని. ఈ గాయని పాటకు దీసిన చిత్రములో తండ్రివేషము గట్టిన లూ అల్బానో యనునాతడు కుస్తీ రంగమువాడే. వారి చెలిమియే పాటల లోకమును గోదాకు జేర్చినది. యువజనులు చూచు సంగీతప్రసారములో నాటి పోరు వెలువడెను. 1985 ఫిబ్రవరిలో బిరుదు లీలానీ కాయి చేతికి బోగా, రెసిల్‌మేనియా నాడు రిక్టరు దానిని మరల సాధించెను.

అయినను ఆ సంవత్సరమే వేతనవిషయమున ఆమెకును యజమానులకును పొసగలేదు. నవంబరు 25న అదే శాలలో ‘స్పైడర్ లేడీ’ యను ముసుగు జెట్టితో పోరు పెట్టిరి. నడుమ హఠాత్తుగా నామెను పడద్రోసి పట్టగా, ఆమె భుజమెత్తినను తీర్పరి మూడు లెక్కించెను. తెలియక రిక్టరింకను పోరుచు ముసుగు లాగగా, లోన నున్నది గురువైన మూలాయే! ముందుగా నామెకు దెలుపని ఫలితమది. గోదాదుస్తులతోనే బండి యెక్కి విమానాశ్రయమునకు బోయితినని రిక్టరు తరువాత చెప్పినది. ఆ సంస్థలో మరల నామె పోరాడలేదు. 2010లో మాత్రము వారామెను తమ కీర్తిమందిరమున జేర్చి గౌరవించిరి.

సోదరీమణులారా, ఇందలి వింతను గమనింపుడు. అన్నియు ముందే యొప్పందమైన యాటలో, నిజముగా మోసపోయినది కూలి యడిగిన స్త్రీ. జనులు టిక్కెట్టు కొని చూచునది ఆమె శ్రమను. ధర నిర్ణయించువారు మాత్రము పరులు. చేతిపని చేసి నాలుగు రూకలు గడించు మన యాడువారికి ఇది తెలియని సంగతి కాదు.

2019 ఏప్రిల్ 7న, న్యూయార్కునకు పొరుగుననే న్యూజెర్సీలో జరిగిన 35వ రెసిల్‌మేనియాలో బెకీ లించ్, రోండా రౌసీ, షార్లెట్ ఫ్లెయిర్ అను ముగ్గురు స్త్రీల పోరును చిట్టచివరి ప్రధానాంశముగా నిలిపిరి. ఆ గౌరవము స్త్రీలకు దక్కుట కదియే మొదలు. అందులకు 34 ఏండ్లు పట్టినది.