వీధిదీపానికి నూనె

దూరదర్శన్ 1976 జనవరి 1న వ్యాపార ప్రకటనలకు తలుపు తెరిచింది. మరుసటి యేడు హైదరాబాదు కేంద్రం వచ్చింది. తెలుగునాట చీరెల కొట్టువారికి టీవీ ప్రకటన కావాలంటే చాలాకాలం ఆ గడపే గతి. 1995లో జెమిని, ఈటీవీ రావడంతో బేరం మొదలయింది.

ప్రసారభారతి జీతాలకు కేంద్రం గ్రాంటు యిస్తున్నది. వొక చేత్తో ఖజానా సొమ్ము, మరో చేత్తో కొట్టువారి సొమ్ము అందుకుంటే పక్కవాడికి కడుపు మండదూ? మండితే మండనీయండి, నా బెంగ వేరు. ప్రకటన యిచ్చేవాడు కొనగలవాణ్ణే వెతుకుతాడు. సర్కారు ప్రసారం కొనలేనివాడి కోసం గూడా గదా, వీధిదీపంలాగ! తుపాను కబురు, మన్యంలో గిరిజనుల మాట, హరికథ, వీటికి వెల కట్టేదెవరు? ప్రకటనలు వద్దనను. కాని నూనె అంతా కొట్టువాడే పోస్తే, వెలుగు అతని అరుగు మీదే పడుతుంది సుమండీ!